నొప్పి లేని మనిషికి గడి లేదు

మానవజాతి పరుగెత్తడం మొదలుపెట్టి లక్షల ఏళ్లయింది. పరుగెత్తాక ఏం చెయ్యాలో మాత్రం 2012 ఏప్రిల్ మొదటి శనివారం దాకా ఎవరికీ తెలియదు. ఆ రోజు నార్త్ కెరొలినా రాష్ట్రంలోని మోరిస్‌విల్‌లో, చక్రధర్ ఇంటి గరాజ్‌లో, పద్నాలుగు మంది సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ల సమక్షంలో ఆ సంగతి తేలింది. పరుగెత్తాక కోలుకోవాలి. కోలుకోవడానికి ఒక కమిటీ ఉండాలి.

(పరుగుకు కమిటీ వెయ్యలేదు. దానికి బూట్లు చాలన్నారు.)

తెలుగువాళ్ల పరుగు క్లబ్ అది. సభ్యులు ముప్ఫై నాలుగు మంది. అక్టోబరులో పది కిలోమీటర్లు పరుగెత్తాలని లక్ష్యం. కోలుకొను కమిటీకి అధ్యక్షుడు చక్రధర్. ఆఫీసులో ఏ ప్రోగ్రామూ ఆయన సరేననకుండా బయటికి పోదు. వారానికి ఐదు రోజులు వాటిని ఆపడమే ఆయన ఉద్యోగం. ఆరో రోజు చేతులు ఊరుకోలేదు.

ఆఫీసులో కంప్యూటర్ మొరాయిస్తే దాని మీద ఒక ఫిర్యాదు రాస్తారు. దాన్ని టికెట్ అంటారు. టికెట్ తెరుస్తారు, ఒకరికి అప్పగిస్తారు, బాగయ్యాక మూస్తారు. కాలి పిక్కకూ కంప్యూటర్‌కూ తేడా ఎందుకుండాలని చక్రధర్ అడిగాడు. ఆనాటి నుంచి క్లబ్బులో ఎవరికి ఎక్కడ నొప్పెట్టినా ఆదివారం రాత్రిలోగా ఆన్‌లైన్ ఫారంలో టికెట్ తెరవాలి. సోమవారం ఉదయం ఏడింటికి ఫోన్లో అందరూ కలిసి ఆ నొప్పుల పురోగతిని సమీక్షించాలి. శుక్రవారంలోగా టికెట్ మూతపడాలి. మూతపడితేనే శనివారం పరుగు.

మందు కూడా నిర్ణయమైంది. పరుగు ఆగిన అరగంటలోపు పది క్యాప్సూల్స్. విటమిన్ సి, విటమిన్ ఇ, ద్రాక్ష గింజల సారం, దానిమ్మ సారం, చెర్రీ సారం, గ్రీన్ టీ సారం, ఇంకా నాలుగు. ఆ నాలుగింటి మీద కూడా సారం అనే ఉంది, దేని సారమో అక్షరాలు సన్నంగా ఉండి ఎవరూ చదవలేదు.

లక్ష్మీకాంతం ఈ క్లబ్బులో చేరింది ఆరోగ్యం కోసం కాదు. ఇల్లు దాటడం కోసం.

ఆయన రేపల్లె వైపు కరెంటు లైన్‌మన్‌గా ముప్ఫై ఒక్క ఏళ్లు స్తంభాలెక్కి దిగిన మనిషి. భార్య పోయి రెండేళ్లు. ఆమె గురించి ఆయన మాట్లాడడు. అడిగినవాళ్లతో అసలే మాట్లాడడు. కూతురు స్రవంతి ఆరు నెలలకని అమెరికా తీసుకొచ్చింది. వచ్చిన మర్నాడే ఆయన రోడ్డు పక్కన నడక మొదలుపెట్టాడు. ఆ రోడ్డుకు కార్లున్నాయి గానీ పక్కన నడిచే దారి లేదు. రెండు కార్లు ఆగి, ఏమైనా సాయం కావాలా అని అడిగాయి. మూడోది పోలీసు కారు. ఆ పోలీసు తలుపు తీసి పట్టుకుని, ఎక్కించుకుని, ఇంటి దగ్గర దించి, మళ్లీ తలుపు తీసి పట్టుకున్నాడు. జన్మలో ఆయనకు ఎవరైనా అంత మర్యాద చెయ్యడం అదే మొదలు. స్రవంతి ఏడ్చింది. అల్లుడు పక్కన లేకుండా గడప దాటకూడదని ఆ సాయంత్రమే తీర్మానమైంది.

అప్పటి నుంచి ఆయన సోమవారం మొదలు శుక్రవారం దాకా ఇంట్లో మెట్లెక్కి దిగేవాడు. పద్నాలుగు మెట్లు. పొద్దున వందసార్లు, సాయంత్రం వందసార్లు. శనివారం మాత్రం అల్లుడు ఫణికుమార్ ఆయన్ని చెరువు దగ్గరి పార్కుకు తీసుకెళ్లేవాడు. వారానికి నూట అరవై ఎనిమిది గంటలు. అందులో మూడు ఆయనవి.

కమిటీ వేశాక మొదటి శనివారం చెరువు చుట్టూ మూడు మైళ్లు. లక్ష్మీకాంతం కాన్వాస్ బూట్లతో, ఎవరితోనూ పోటీ పడకుండా, ఎక్కడా ఆగకుండా పరుగెత్తి పదకొండోవాడుగా వచ్చాడు. పైన్ చెట్ల కింద నిలబడి గాలి పీల్చుకున్నాడు. మిగతావాళ్లు గడ్డి మీద పడి ఉన్నారు. చక్రధర్ కుంటుకుంటూ వచ్చి ఆయన చేతిలో పది క్యాప్సూల్స్ పోశాడు.

"ఇవేవిటి నాయనా?"

"యాంటీఆక్సిడెంట్స్ అంకుల్. మనం ఉరికితే బాడీలో ఫ్రీ రాడికల్స్ పుడ్తయి. ఇవి పోయి వాటిని పట్టుకుంటయి."

"అవి అసలెందుకు పుడుతున్నాయో కనుక్కున్నారా? వాటికేదైనా పనుందేమో."

"అది మన స్కోప్‌లో లేదు అంకుల్."

లక్ష్మీకాంతం పదింటినీ జేబులో వేసుకుని, ఇంటికొచ్చి వంటింటి చెత్తబుట్టలో వేశాడు. దాచి వెయ్యలేదు. ఎవరూ అడగలేదు.

ఆదివారం ఫణికుమార్ ల్యాప్‌టాప్ పట్టుకుని మెల్లిగా సోఫాలో కూలబడ్డాడు. అతనికి నాలుగు టికెట్లు తెరుచుకుని ఉన్నాయి. రెండు తొడలవి, ఒకటి నడుముది, ఒకటి సోఫాలో కూర్చోబోయినప్పుడు కొత్తగా వచ్చింది.

"మామయ్య గారూ, మీ ఫారం. ఎక్కడండీ నొప్పి?"

"ఎక్కడా లేదు."

"అలా కాదండీ. ఇరవై రెండు మజిల్స్ ఇచ్చారు. ఒక్కటన్నా టిక్ చేస్తే గానీ సబ్మిట్ అవ్వదు."

"నొప్పి లేదని టిక్ పెట్టు."

"ఆ గడి లేదండీ."

"ఎందుకు లేదు?"

ఫణికుమార్ ఫారాన్ని కింది దాకా జరిపి చూశాడు. "అలాంటి యూజర్ ఉంటాడని ఎవరూ అనుకోలేదండీ."

రెండో వారమూ అంతే జరిగింది. మంగళవారం లక్ష్మీకాంతం పేర ఒక లేఖ వచ్చింది. 'ఏప్రిల్ 14, 21 తేదీలలో మీరు పరుగెత్తినట్టు మా రికార్డులలో ఆధారం లేదు. పరుగెత్తి ఉంటే నొప్పి ఉండేది. వరుసగా మూడు వారాలు నొప్పి నమోదు చేయని సభ్యుల పేర్లు తొలగించబడును.'

(21వ తేదీన మురుగుకాలవ దాటలేక నిలబడిపోయిన చక్రధర్‌ను చెయ్యిపట్టి దాటించింది లక్ష్మీకాంతమే. లేఖ కింద సంతకం చక్రధర్‌ది.)

లక్ష్మీకాంతం ఫోన్ చేయించాడు.

"ఏం నాయనా, నీ ముందే పరుగెత్తాను గదా?"

"అంకుల్, నేను చూసిన. పర్సనల్‌గా నాకు డౌట్ లేదు. సిస్టమ్‌కే డౌట్ ఉంది."

"సిస్టం రాసిందెవరు?"

"నేనే."

"అయితే దానికి చెప్పు."

"అట్ల చెప్తే రేపు ప్రతొక్కరు నొప్పి లేదంటరు అంకుల్. డిసిప్లిన్ ఉండది."

ఫణికుమార్‌కు ఆఫీసులో పైవాడు చక్రధరే. కనుక ఈ విషయంలో అతనికి అభిప్రాయం లేదు. స్రవంతికి ఉంది.

"ఏదో ఒకటి చెప్పెయ్యి నాన్నా. మోకాలని చెప్పు."

"మోకాలు బాగుంది."

"బాగుందని నాకూ తెలుసు. నువ్వు చెప్పినట్టు మోకాలికి తెలుస్తుందా ఏంటి?"

ముప్ఫై ఒక్క ఏళ్లలో లక్ష్మీకాంతం తెగిన తీగను తెగలేదని గానీ, తెగని తీగను తెగిందని గానీ సబ్‌స్టేషన్ పుస్తకంలో రాసి ఎరగడు. ఒక ఇంజనీరు రాయమంటే రాయనందుకు ఆయన్ని ఏడాదిపాటు ఉప్పునీటి కాలవల మధ్య సెక్షన్‌కు పంపారు. అయినా రాయలేదు. అలాంటి మనిషి మూడో ఆదివారం సాయంత్రం ఏడు గంటల పది నిమిషాలకు మెట్ల మీద కూర్చుని, "కుడి పిక్క అని పెట్టు" అన్నాడు. ఫణికుమార్ పెట్టాడు. ఏడున్నరకు ఆయన మళ్లీ వచ్చి, "పోయింది, తీసెయ్యి" అన్నాడు. అబద్ధంతో ఒకే ఇంట్లో అంతకంటే సేపు ఉండలేకపోయాడు.

క్లబ్బులో సగటు నొప్పి అరవై ఒక్క గంటలు. లక్ష్మీకాంతం పిక్క ఇరవై నిమిషాల్లో కోలుకుంది.

ఎనిమిది గంటలకు చక్రధర్ ల్యాప్‌టాప్‌తో సహా ఇంటికొచ్చాడు. రెండు చేతులతో సోఫా అంచు పట్టుకుని కూర్చున్నాడు.

"అంకుల్, ఏం వాడిండ్రు?"

పైవాడు అడిగిన ప్రశ్నకు గదిలో ఎవరూ జవాబు చెప్పకపోవడం ఫణికుమార్ తట్టుకోలేని సంగతి.

"మన క్యాప్సూల్సే చక్రధర్ గారూ. కాకపోతే... డబుల్ వేసుకున్నారు."

ఆ రాత్రికి మోతాదు అందరికీ ఇరవై అయింది. లక్ష్మీకాంతానికి 'ఆదర్శ కోలుకొనువారు' అనే హోదా ఇచ్చి, ఇకమీదట ఫారం నింపే పని లేదన్నారు. ఆయనకు కావలసింది శనివారం. అది దక్కింది. తక్కినదాని గురించి ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదు. తప్పు ఆయనదే.

ఇరవై క్యాప్సూల్స్ నొప్పులను ఏమీ చెయ్యలేదు. పొట్టలను చేశాయి. విటమిన్ సి ఒక హద్దు దాటితే మనిషిని కూర్చోనివ్వదు. పార్కులో మరుగుదొడ్లు రెండు. మే రెండో శనివారం ఉదయం అక్కడ సభ్యులందరూ బారులు తీరారు. కమిటీ వెంటనే స్పందించింది. టోకెన్లు ఇచ్చారు. దూరం ఎక్కువ పరుగెత్తవలసిన వారికి ముందు అవకాశమన్నారు. అత్యవసరాన్ని నాలుగు తరగతులుగా విభజించారు. నాలుగో తరగతి వాళ్లు తాము ఒకటో తరగతి అని వాదించడం, ఒకటో తరగతి వాళ్లు వాదించే స్థితిలో లేకపోవడం జరిగింది.

ఆ ఉదయం చెరువు చుట్టూ దారి ఖాళీగా ఉంది. లక్ష్మీకాంతం ఒక్కడే పరుగెత్తాడు. నీళ్ల మీద బాతులు, చెట్ల మీద ఎండ. రెండు చుట్లు వేశాడు. ఆయన ఫారం నింపడు గనక, మిగతా ముప్ఫై ముగ్గురూ క్యూలో ఉన్నారు గనక, రికార్డుల ప్రకారం ఆ రోజు మోరిస్‌విల్‌లో ఎవరూ పరుగెత్తలేదు.

చక్రధర్ తల్లి బాలమణి కూడా ఆ ఉదయం పార్కుకు వచ్చింది. కుర్చీ వేసుకుని అంతా చూసింది. లక్ష్మీకాంతం చెమట తుడుచుకుంటూ వస్తే, "అన్నా, మా వాడు చిన్నగున్నప్పుడు గోలీ మింగుమంటే ఊరంత ఉరికెటోడు. ఇప్పుడు ఉరుకుమంటే గోలీ మింగుతుండు" అంది. లక్ష్మీకాంతం నవ్వాడు. రెండేళ్లలో అదే మొదలు.

క్లబ్బులో ఒక డాక్టరు కూడా ఉంది. పేరు విజయశ్రీ, పిల్లల వైద్యురాలు. సోమవారం ఫోన్లో ఆమె చెప్పి చూసింది. కష్టపడితే కండరం కాస్త దెబ్బతింటుందని, ఆ దెబ్బతోనే గట్టిపడుతుందని, ఈ బిళ్లలతో నొప్పి పెద్దగా తగ్గినట్టు పరిశోధనల్లో తేలలేదని, మోతాదు మించితే శరీరం కష్టానికి అలవాటు పడటం కూడా మందగించవచ్చని చెప్పింది. అంతా విన్నాక చక్రధర్ అడిగాడు.

"ఆ స్టడీస్‌లో ఎంతమంది ఉండిరి మేడమ్?"

"ఒక్కోదాంట్లో ఇరవై, ముప్ఫై."

"మా దగ్గర ముప్ఫై నలుగురు. డేటా మాదే పెద్దగున్నది."

"మీ డేటాలో ఎవరికీ తగ్గలేదు కదండీ!"

"అది సెపరేట్ ఇష్యూ మేడమ్. దానికి ఇంకో టికెట్ ఓపెన్ చెయ్యండి."

విజయశ్రీ క్లబ్ మానేసింది. మానెయ్యడానికీ ఒక ఫారం ఉంది. అందులోనూ ఒక కండరం ఎంచుకోవాలి. మెడ అని ఎంచుకుంది.

జూన్ రెండో శనివారం ఉరుములతో వాన. పార్కు మూసేశారు. పరుగు రద్దైంది. క్యాప్సూల్స్ మాత్రం రద్దు కాలేదు, ఎందుకంటే వానొస్తే ఏం చెయ్యాలో నిబంధనల్లో లేదు. అందరూ చక్రధర్ గరాజ్‌లో చేరి, తలా ఇరవై మింగి, ఇడ్లీలు తిని వెళ్లిపోయారు. ఆదివారం రాత్రికి ఒక్క టికెట్ కూడా తెరుచుకోలేదు. క్లబ్ చరిత్రలో మొదటిసారి గ్రాఫ్ మీద గీత నేలను తాకింది.

చక్రధర్ ఆ గీతను చాలాసేపు చూశాడట. సోమవారం ఏడింటికి మూలకారణ విచారణ పెట్టాడు. అతని ఆఫీసులో ఏది చెడినా 'ఎందుకు' అని ఐదుసార్లు అడుగుతారు. ఐదోసారికి ఏ జవాబు వస్తే అదే కారణం. ఫణికుమార్ ఫోన్ స్పీకర్‌లో పెట్టి వంటింటి బల్ల మీద ఉంచాడు. లక్ష్మీకాంతం కాఫీ తాగుతూ విన్నాడు.

"నొప్పి ఎందుకొస్తుంది?"

"మజిల్ డ్యామేజ్ వల్ల."

"డ్యామేజ్ ఎందుకైతుంది?"

"స్ట్రెయిన్ వల్ల."

"స్ట్రెయిన్ ఎందుకు?"

కృష్ణకుమారి అనే సభ్యురాలు, "పరుగెత్తుతున్నాం కదండీ మరి" అంది.

"నోట్ చేస్కోండి. పరుగు ఎందుకు?"

"క్లబ్ ఉంది కాబట్టి."

"క్లబ్ ఎందుకు?"

"రికవరీ కోసం."

వలయం పూర్తయింది. ఆఫీసుల్లో దీన్ని సంతృప్తికరమైన విచారణ అంటారు. మధ్యాహ్నానికి ప్రకటన వచ్చింది. 'క్యాప్సూల్స్ నూటికి నూరుపాళ్లు పనిచేస్తున్నవని జూన్ 9న రుజువైనది. పరుగుతో కలిపి వాడినప్పుడు మాత్రమే వాటి ప్రభావం దెబ్బతినుచున్నది. కావున తదుపరి ఉత్తర్వుల వరకు పరుగు నిలిపివేయడమైనది.'

ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. పైగా సభ్యత్వం పెరిగింది. జూన్ ఆఖరుకు అరవై మంది. శనివారం ఉదయం అందరూ కొత్త బూట్లు వేసుకుని, పరుగు బట్టల్లో, గరాజ్‌లో మడత కుర్చీల మీద కూర్చునేవారు. క్యాప్సూల్స్, ఇడ్లీ, సాంబారు, వీసా కబుర్లు. ఎవరికీ ఏ నొప్పీ లేదు. పది కిలోమీటర్ల పరుగు లక్ష్యాన్ని పది కిలోమీటర్ల రికవరీ లక్ష్యంగా సవరించారు. దాన్ని ఎలా కొలుస్తారో ఒక ఉపసంఘం చూస్తుందన్నారు.

లక్ష్మీకాంతం రెండు శనివారాలు ఆ కుర్చీలో కూర్చున్నాడు. గరాజ్ తలుపు ఎత్తి ఉండేది. బయట రోడ్డు, దాని అవతల చెట్లు, చెట్ల వెనక చెరువు. కారులో నాలుగు నిమిషాలు. మూడో శనివారం లేచాడు.

"నాయనా, నన్నెవరైనా పార్కులో దించండి. నేనొక్కణ్ణే పరుగెత్తి వస్తాను. మీరు కానివ్వండి."

"మీరు ఉరికితే గ్రాఫ్ మీద మచ్చ పడ్తది అంకుల్."

"మచ్చెందుకు? నాకు నొప్పి రాదుగా."

"మీకు ఆల్రెడీ ఒకసారి వచ్చింది కదా. కుడి పిక్క. రికార్డ్‌లో ఉంది."

అప్పుడు లక్ష్మీకాంతం, అరవై మంది ముందు, చేతులు కట్టుకోకుండా, గొంతు పెంచకుండా చెప్పాడు.

"ఆ పిక్క అబద్ధం. నాకు ఏనాడూ నొప్పి రాలేదు. మీరిచ్చిన బిళ్లల్లో ఒక్కటీ మింగలేదు. చెత్తబుట్టలో వేశాను. ఇరవై చేసింది నా వల్లే, మీ కడుపులు చెడిందీ నా వల్లే. పేరుంచుకోవడానికి అబద్ధం రాయించాను. తప్పు నాది. ఏ శిక్షైనా వెయ్యండి. ఆ చెరువు దగ్గరికి మాత్రం పోనివ్వండి. వారానికి అదొక్కటే నాకు."

ఇడ్లీలకని వాళ్లతో వచ్చిన స్రవంతి చేతిలో ప్లేటు పక్కన పెట్టింది. "ఫణీ, నువ్వు దించి రా" అంది. ఫణికుమార్ జేబులోంచి కారు తాళాలు తీశాడు. తీసి, చక్రధర్ వైపు చూశాడు.

చక్రధర్ ల్యాప్‌టాప్‌లో ఏదో కొడుతున్నాడు. తలెత్తలేదు.

"అంకుల్, ఏప్రిల్ 29న పిక్క నొప్పి రాలేదంటరు."

"రాలేదు."

"ఇప్పుడు కూడా లేదు."

"లేదు."

"ఎప్పుడన్న వచ్చినట్టు గుర్తు కూడా లేదు?"

"లేదయ్యా, చెబుతున్నాగా!"

చక్రధర్ కళ్లద్దాలు తీశాడు. "నొప్పి పోవుడు ఎన్నోసార్లు చూసిన. నొప్పి వచ్చిందన్న జ్ఞాపకం కూడా పోయింది ఈ ఒక్క మనిషికే. కంప్లీట్ రికవరీ!"

చప్పట్లు మోగాయి. అరవై మందీ లేచి నిలబడ్డారు. ఎవరికీ తొడలు నొప్పి లేవు గనక తేలిగ్గా లేచారు. బాలమణి ఒక్కతే కూర్చుని ఉంది. ఫణికుమార్ తాళాలు జేబులో పెట్టుకున్నాడు.

మరుసటి వారం పోస్టులో ఒక ధ్రువపత్రం వచ్చింది. బంగారు అంచు, చుట్టూ చట్రం. స్రవంతి దాన్ని హాల్లో తగిలించింది. అందులో లక్ష్మీకాంతం పేరు, తేదీ, చక్రధర్ సంతకం, వాటి పైన రెండు వాక్యాలు ఉన్నాయి:

'వీరు సంపూర్ణముగా కోలుకున్నారు. ఇకపై శనివారములు ఇల్లు కదలవలసిన అవసరం లేదు.'